ఆరు మూలల సాకెట్

బోల్టు తల మీంచి సాకెట్ పానా జారింది. ఆ చప్పుడు మార్లిస్‌కి బాగా తెలుసు, ఎవరో పళ్ళు కొరికినట్టు ఉంటుంది. జారిన ఊపుకి చెయ్యి వెళ్ళి బ్రేకు పళ్ళేనికి కొట్టుకుంది, వేలి కణుపుల మీద తోలు లేచింది. చెయ్యి సంగతి ఆమె పట్టించుకోలేదు, బోల్టు తల చూసుకుంది. ఆరు మూలల్లో రెండు మొద్దుబారిపోయాయి. ఇంకోసారి జారితే తల గుండ్రంగా అరిగిపోతుంది. అప్పుడిక దాన్ని ఏ పానా పట్టదు.

ఆ బోల్టు ఊడితేగాని బ్రేకుని నొక్కిపట్టే పాత కాలిపర్ రాదు, అది వస్తేగాని కొత్తది ఎక్కదు. కుడివైపు ముందు చక్రాన్ని బ్రేకు పట్టేసి వదలడం లేదు. నిన్న పని నుంచి వస్తుంటే దారంతా కాలిన కంపు, ఇంటి ముందు ఆపేసరికి చక్రంలోంచి పొగ. ఆ బండి రేపు పొద్దున్న పదింటికల్లా సరస్సు అవతల గారెట్ ఇంటి ముందు ఉండాలి. లేకపోతే కూతురు ఆనిక ఆమెకు దక్కదు. ఇప్పటికే దక్కేది శని ఆదివారాలే.

గారెట్ ఆమె మాజీ మొగుడు. ఈ చలికాలంలో రెండుసార్లు ఆమె పిల్లని తెచ్చుకోడానికి వెళ్ళలేకపోయింది. ఒకసారి బ్యాటరీ చచ్చింది, ఇంకోసారి బ్రేకు గొట్టం తుప్పుపట్టి పగిలింది. రెండుసార్లూ ఆ మహానుభావుడు గేటు దగ్గర నిలబడి, ఖాళీ రోడ్డుని ఫోన్లో వీడియో తీసి కోర్టులో చూపించాడు. ఇంకోసారి ఇలా జరిగితే వారాంతాలు ఆపేసి మొత్తం మళ్ళీ విచారిస్తామన్నారు జడ్జిగారు. ఆయన మెల్లగానే అన్నారు. మార్లిస్‌కి మాత్రం ఆ మాట పొద్దస్తమానం చెవిలో మోగుతూనే ఉంది.

మా ఇష్పెమింగ్ గనుల ఊళ్ళో చలికాలమంతా మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు పోస్తారు. మనుషులు జారకుండా ఉంటారు, బండ్లు మాత్రం కింద నుంచి కరిగిపోతాయి. బోల్టూ దాని ఇల్లూ తుప్పుపట్టి ఒకే ముద్ద అయి కూర్చుంటాయి. అలాంటి చోట బతుకుతూ కూడా మార్లిస్, విడాకులైన కొత్తలో, సగం ధర అని ఎగబడి, నారింజ రంగు ప్లాస్టిక్ పెట్టెలో రెండు వందల ముక్కల పానాల సెట్టు కొనుక్కుంది. తళతళా మెరిసిపోయాయి. పాపం, చూసి మోసపోయింది. అంతకుముందు కొనే అవసరమే రాలేదు, వాళ్ళ నాన్న రూబెన్ హాకలా పనిముట్ల పెట్టె ఇంట్లోనే ఉండేది. అది కాస్తా విడాకుల్లో గారెట్ పట్టుకుపోయాడు. రోజూ దాంతోనే పని చేసుకుంటున్నానని ఒట్టు పెట్టుకుని చెప్పాడు, అది నిజమే కూడా. కూతురికి తండ్రి పెట్టె ఎందుకు కావాలో కోర్టులో ఎవరికీ తట్టలేదు.

ఆమె మళ్ళీ పిడి అందుకుంది. ఈసారి పిడికి ఒక ఇనప గొట్టం తొడిగింది, పొడుగైతే బలం వస్తుందని. ఇక్కడ పుట్టిన ప్రతివాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు చేసే తప్పే అది.

"ఆపు" అన్న కేక వినబడింది. "ఇంకొక్కసారి తిప్పావంటే నీ చెయ్యి నేనే విరగ్గొడతా."

పక్కింటి వెర్నర్. గనిలో మరమ్మతుల షెడ్డులో మార్లిస్ నాన్నతో కలిసి జీవితమంతా పనిచేసిన మనిషి. ఇప్పుడు కళ్ళు సరిగా ఆనవు, నోరు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మంచులో కాళ్ళీడ్చుకుంటూ వచ్చి, ముందుగా బండి కిందికి వంగి చూశాడు. ఊడదీసిన చక్రం బండి తలుపు కింద అడ్డంగా తోసి ఉంది. బండి పొరపాటున స్టాండు మీంచి జారినా ఆ చక్రం మీద ఆగుతుంది.

"ఇదొక్కటి మీ నాన్న నేర్పినట్టే చేశావ్. ఇక ఆ సాకెట్ ఇలా ఇయ్యి." దాన్ని వేలితో లోపల తడిమి చూశాడు. "ఏంటే ఇది? పానానా, చాక్లెట్ కాయితమా? లోపల పన్నెండు పళ్ళు. మంచి బోల్టుకైతే సరే. తుప్పుపట్టిన తల మీద ఈ పళ్ళు మూలల్నే కొరికేస్తాయి. ఆరు మూలలది కావాలి, అది పక్కల్ని పట్టుకుంటుంది."

"నాకు తెలీదా బాబాయ్? నీ పానాలు ఉంటే అడిగి తెచ్చుకునేదాన్ని. వేసవిలో ఇంటి ముందు బల్ల వేసి మరీ అమ్మేశావ్ కదా."

"అమ్మి పడవకి మోటారు కొన్నాను."

"అదెలా ఉంది?"

"అది స్టార్టయితే కదా ఎలా ఉందో తెలిసేది. ఎత్తిపొడవకు. లే, పనిముట్ల కొట్టు కట్టేసేలోపు వెళ్దాం."

ఆమె లేస్తుండగా ఫోను మోగింది. గారెట్ సందేశం పెట్టాడు. 'బండి కదల్లేదని విన్నాను. చెప్తే వచ్చి చేసి పెడతా. కానీ నీ బండి నేను బాగుచేయాల్సి వచ్చిందని జడ్జికి చెప్పక తప్పదు. పదింటికి.'

ఒళ్ళు మండిపోయింది ఆమెకి. ఊళ్ళో ఎవరు మోశారో గాని అంతలోనే వాడి చెవిన వేశారు. ఫోను జేబులో పెట్టుకుని, జవాబివ్వకుండా నడిచింది.

కొట్టులో అమ్మేవాడు అప్పటికే సగం దీపాలు ఆర్పేశాడు. "సెట్టు తీసుకోండి మేడమ్, రేటు బాగా తగ్గించాం. అన్ని సైజులూ వస్తాయి" అంటూ ఇంకో ప్లాస్టిక్ పెట్టె ముందు పెట్టాడు.

"అన్ని సైజులూ దేనికి నాయనా, ఈవిడకి ఉన్నది ఒక్క బోల్టు" అన్నాడు వెర్నర్.

మార్లిస్ పెట్టె వంక చూడలేదు. గోడకి వేలాడుతున్న విడి సాకెట్ల దగ్గరికి వెళ్ళింది. ఆమె సైజులో మూడు రకాలు ఉన్నాయి. అన్నిటికన్నా చవకైనది చేతిలోకి తీసుకుంది. అద్దంలా మెరుస్తోంది, తేలిగ్గా ఉంది, అంచు ఒక పక్క పల్చగా ఇంకో పక్క మందంగా పోతపోసి ఉంది. పెట్టేసింది. అన్నిటికన్నా ఖరీదైనది చూసింది. కింద పెట్టబుద్ధి కాలేదు, అంత ముద్దుగా ఉంది. కానీ జేబులో ఉన్నది వారం సరుకుల డబ్బు. అది కొంటే తిప్పే కడ్డీకి డబ్బు మిగలదు.

మధ్యది నల్లగా, మొరటుగా ఉంది. మెరుపు లేదు. గోడ మందంగా, చుట్టూ ఒకే తీరుగా ఉంది. లోపల వేలు పెట్టి తిప్పింది. ఆరు మూలలు, వాటి మధ్య చదునైన పక్కలు. జేబులోంచి కొత్త కాలిపర్‌తో వచ్చిన బోల్టు తీసి అందులో దింపి ఊపింది. ఎక్కడా వదులు లేదు.

"విరిగితే?" అని అడిగింది అమ్మేవాణ్ణి.

"తెచ్చివ్వండి, ఏమీ అడక్కుండా కొత్తది ఇస్తాం. దానికి రసీదు కూడా అక్కర్లేదు."

"రేపు పొద్దున్న తొమ్మిదింటికి విరిగితే నీ కొత్తది నాకెందుకయ్యా" అని గొణిగింది. అయినా అదే తీసుకుంది. టకటకమని తిరిగే పిడి వద్దంది, దాని లోపల చిన్న చిన్న పళ్ళుంటాయి, గట్టిగా లాగితే అవే విరుగుతాయి. లోపల ఏమీ లేని మూర పొడుగు ఉత్త కడ్డీ ఒకటి తీసుకుంది. తుప్పు నూనె డబ్బా కూడా కొనేసరికి జేబు ఖాళీ అయింది.

బయటికి వచ్చాక వెర్నర్ ఆమె భుజం తట్టాడు. "రూబెన్ ఉంటే అదే తీసేవాడు."

"రూబెన్ ఉంటే ఆయన పెట్టె నా దగ్గరే ఉండేది" అంది.

ఇంటికొచ్చేసరికి వెలుతురు తగ్గుతోంది. బోల్టు చుట్టూ నూనె కొట్టి, సుత్తితో తల మీద చిన్న చిన్న దెబ్బలు వేసి, కాసేపు వదిలేసింది. ఆ కాసేపూ ఇద్దరూ నిలబడే ఉన్నారు. తర్వాత సాకెట్‌ని తల మీద పెట్టి సుత్తితో చివరిదాకా దింపింది. కడ్డీ తొడిగి, చేతులు తుడుచుకుంది.

"ముందు బిగించు. వెంట్రుకవాసి. తర్వాత విప్పు" అన్నాడు వెర్నర్.

బిగించింది. ఇప్పుడు ఎదురువైపు లాగింది. కదల్లేదు. కాలు బండికి తన్నిపెట్టి ఒంటి బరువంతా వేసింది. కడ్డీ కొంచెం వంగింది, సాకెట్ మాత్రం జారలేదు. ఇక మూడే జరగొచ్చు, బోల్టు వదలొచ్చు, విరగొచ్చు, లేదా కడ్డీ పోవచ్చు. విరిగిందా, ముక్క లోపలే ఉండిపోతుంది, బండి ఈ వారం కదలదు. పిల్ల రేపు సంచి సర్దుకుని కిటికీ దగ్గర కూర్చుంటుంది. కిందటిసారి కూర్చుందట, చీకటిపడేదాకా.

మళ్ళీ లాగింది.

ఫట్ మని పేలింది. ఆమె వెనక్కి మంచులో కూలబడింది.

ఊడినా ఆ చప్పుడే, విరిగినా ఆ చప్పుడే. ఆమె కడ్డీ తీసేసి, సాకెట్‌ని వేళ్ళతో పట్టుకుని తిప్పింది. తేలిగ్గా తిరిగితే విరిగినట్టు. కిర్రుమంటూ మొరాయిస్తూ తిరిగితే బతికినట్టు.

కిర్రుమంది.

"ఏమైంది? ఏమైందే? నాకు కనబడి చావట్లేదు" అన్నాడు వెర్నర్.

"వస్తోంది బాబాయ్" అంది. అని అక్కడే మంచులో కూర్చుని ఏడ్చేసింది. ముసలాయన ఏం చేయాలో తోచక ఇంటికెళ్ళి మాంసం కూరిన వేడి వేడి పేస్టీ ఒకటి కాయితంలో చుట్టి తెచ్చాడు. తర్వాత ఆమె కొత్త కాలిపర్ బిగించి, ఆయన్ని సీట్లో కూర్చోబెట్టి బ్రేకు తొక్కిస్తూ గొట్టాల్లోంచి గాలి తీసింది. తొక్కమంటే వదిలి, వదలమంటే తొక్కి ఆయన ఆమె ప్రాణం తీశాడు. ఆఖరికి బ్రేకు గట్టిపడింది. పడుకునే ముందు సాకెట్‌ని తుడిచి, మేకుతో దాని మీద తన పేరు మొదటి అక్షరాలు గీసుకుంది. గనిలో పనిచేసినవాళ్ళంతా అలాగే గీసుకుంటారు, లేకపోతే పనిముట్లకి కాళ్ళొస్తాయి.

పొద్దున్న పది కాకముందే గారెట్ గేటు ముందు ఆగింది. వాడు ఫోను పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆమె దిగడం చూసి చెయ్యి దించాడు. ఆనిక సంచి వేసుకుని మెట్లు దిగబోతుంటే ఆపాడు.

"ఎవరు చేశారు?"

"నేనే."

"బ్రేకులు. నువ్వు." ఒక్కొక్క మాటా విడివిడిగా అన్నాడు. "ఆ బండిలో పిల్లని ఎక్కించనివ్వను. ఇదే మాట జడ్జికి చెప్తాను."

టైముకి వచ్చి నిలబడితే చాలనుకుంది మార్లిస్, ఇది ఊహించలేదు. అరిస్తే పిల్ల చూస్తుంది. అరవకపోతే వాడు గెలుస్తాడు. జేబులోంచి తాళాలు తీసి వాడి ముందు పెట్టింది.

"నడిపి చూసుకో. ఎంత గట్టిగా తొక్కుతావో తొక్కు. చూశాక ఉన్నదున్నట్టు చెప్పు. మా నాన్న దగ్గర పని నేర్చుకున్నవాడివి, పని గురించి అబద్ధం చెప్పవనే ఇస్తున్నా."

వాడు ఆమెని ఎగాదిగా చూసి, తాళాలు లాక్కుని బండెక్కాడు. చెడ్డవాడే, కానీ పని వచ్చినవాడు. ఆమె భయం కూడా అదే. రాత్రి తనకి తెలియని తప్పేదైనా ఉంటే వాడి కాలికి తెలిసిపోతుంది.

ఆనిక వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "నాన్న మన బండి ఎందుకు తీసుకెళ్తున్నాడమ్మా?"

"చూడ్డానికి."

బండి రోడ్డు చివరిదాకా వెళ్ళి తిరిగింది. వేగం అందుకుంది. ఉత్తరాల డబ్బా దగ్గరికి వచ్చేసరికి వాడు ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కాడు. మంచు చిమ్మింది. మార్లిస్ పిల్ల చేతిని నలిపేసింది. బండి ఒక పక్కకి లాగిందా, అయిపోయినట్టే.

లాగలేదు. గీత గీసినట్టు తిన్నగా వచ్చి ఆగింది.

గారెట్ దిగి, చక్రం ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఫోను దీపంతో లోపల చాలాసేపు చూశాడు. చక్రం మీద చెయ్యి పెట్టి వేడి చూశాడు.

"ఆ పై బోల్టు కిందటేడు నేను తీయబోతే రాలేదు. దేనితో తీశావ్?"

ఆమె సాకెట్ అందించింది. వాడు లోపల వేలు పెట్టి తిప్పాడు, బయట గీసిన అక్షరాలు చూశాడు. మార్లిస్ హాకలా. పెళ్ళికి ముందు పేరు.

"తిన్నగా ఆగింది" అన్నాడు చివరికి, ఆమె మొహంలోకి చూడకుండా. సాకెట్ తిరిగిచ్చి, పిల్ల సంచి తనే తీసి వెనకసీట్లో పెట్టాడు. షెడ్డు తలుపు తెరిచే ఉంది, లోపల రూబెన్ పెట్టె బల్ల మీద కనబడుతోంది. ఆమె అటు చూడటం వాడు చూశాడు.

"కావాలంటే పట్టుకెళ్ళు" అన్నాడు గొంతు తగ్గించి.

మార్లిస్ కూతురికి బెల్టు పెట్టి, తలుపు వేసి, సీట్లో కూర్చుంది.

"ఇప్పుడొద్దు. వచ్చే శనివారం తీసుకెళ్తా" అంది. "ఎలాగూ వస్తాగా."

వాడు ఫోను జేబులో పెట్టుకుని, ఆమె బండి తిప్పుకోడానికి గేటు తీశాడు.