దూకడం రాని గుర్రం

ఎల్బ్ నది పక్క పల్లపు నేలల్లో థీస్ హార్డర్ పేరు తెలియనివాళ్లు లేరు. ముప్పై ఏళ్లుగా ఆయన, పిల్లల్ని పుట్టించడానికి పనికొచ్చే మగగుర్రాలను ఎంపిక చేసే కమిటీలో ఉన్నాడు. రెండున్నరేళ్ల గుర్రం హాల్లో రెండుసార్లు కర్రల మీదుగా దూకితే చాలు, దాని సంతానం పదేళ్ల తర్వాత ఎంత ఎత్తు దూకుతుందో చెప్పేసేవాడు. పదేళ్లయ్యాక వచ్చి నిలదీసే ఓపిక ఎవరికీ ఉండదు కనక ఆయన మాట ఇంతవరకూ తప్పలేదు.

ఆయన ఆడగుర్రం టబేయాది తాతగారి నాటి వంశం. దాని వెనక పద్నాలుగు తరాల తల్లుల పేర్లు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పగలడు. భార్య పుట్టినరోజు మాత్రం ఏటా అడిగి తెలుసుకుంటాడు. టబేయాకి వయసు మీదపడింది, ఇక ఒక్క కాన్పే మిగిలిందన్నాడు పశువుల డాక్టరు. అందుకని పోయిన ఏడాది జూన్‌లో, చచ్చిపోయి పన్నెండేళ్లయిన నార్డ్‌స్టెర్న్ వీర్యం, గడ్డకట్టించి దాచిన ఆఖరి గొట్టం, పనిగట్టుకుని తెప్పించాడు. పోటీల్లో పేరు మోసిన గుర్రాల్లో సగం నార్డ్‌స్టెర్న్ మనవలే. మిగతా సగం మనవలమని చెప్పుకునేవి.

మే నెలలో మగపిల్ల పుట్టింది. థీస్ ఊళ్లోవాళ్లను పిలిచి సారా పోశాడు. "అచ్చం తండ్రి భుజాలే" అన్నాడు. తాగుతున్నవాళ్లందరూ తండ్రి భుజాలే అన్నారు. పిల్ల పొట్ట కింద తెల్లమచ్చ గురించి ఎవరూ మాట్లాడలేదు.

గుర్రాలు పెంచేవాళ్ల సంఘం వంశం కాగితాలు ఇవ్వాలంటే పిల్ల జూలులోంచి నాలుగు వెంట్రుకలు పరీక్షకు పంపాలి. ఆగస్టులో జవాబు వచ్చింది. తండ్రి నార్డ్‌స్టెర్న్ కాదట.

కాగితాలు లేకపోతే ఆ పిల్లకి వంశావళిలో చోటు లేదు. టబేయాకి ఇంకో పిల్ల లేదు. తాతగారి వంశం తన చేతిలోనే ముగిసిపోతుంది. థీస్ ఆ మధ్యాహ్నం అన్నపానాలు మాని పిల్లను చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు ఆ తెల్లమచ్చ కంటబడింది.

అలాంటి మచ్చ పక్క పొలం టెల్జె గుర్రం పోల్టర్‌కి ఉంది. చుట్టుపక్కల విత్తు కొట్టించకుండా, పిల్లల్ని పుట్టించే శక్తితో ఉన్న మగగుర్రం ఆయనకు తెలిసి అదొక్కటే. రెండు పొలాలకీ మధ్య నాలుగు మీటర్ల వెడల్పు కాలవ. నాలుగేళ్ల క్రితం టెల్జె ఆ పోల్టర్‌ను ఎంపికకు తీసుకొస్తే తిప్పి పంపింది థీసే. "దూకే గుణం లేదు" అని రాసి సంతకం పెట్టాడు. అప్పటినుంచీ ఆమె ఎదురుపడ్డప్పుడల్లా, విత్తు కొట్టించెయ్యమని ఉచితంగా సలహా ఇస్తూనే వచ్చాడు.

వెళ్లేసరికి టెల్జె వాకిట్లో కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది.

"పోయిన ఏడాది మీ పోల్టర్ కాలవ దాటి మా టబేయా దగ్గరికొచ్చింది" అన్నాడు థీస్.

"భలేవారే. దానికి దూకడం రాదు కదండీ. మీ కాగితం పటం కట్టించి గోడకి పెట్టాను, చూస్తారా?"

"అది హాల్లో సంగతి, టెల్జె."

"హాల్లో ఆ కర్రలకి ఆవల ఏముందని దూకుతుంది? మీ టబేయాని నించోబెట్టి ఉంటే తెలిసేది."

థీస్ వచ్చిన పని మర్చిపోలేదు. పోల్టర్‌ను కమిటీ మళ్లీ చూసి ఇప్పుడైనా ఒప్పుకుంటే, దాని పిల్లకి కాగితాలు వస్తాయి. వేరే దారి లేదు. సంగతి చెప్పి, దాని వెంట్రుకలు కాసిని ఇమ్మని బతిమాలాడు.

"ఇస్తాను. కానీ సంఘం సభలో అందరి ముందూ మీరు తప్పుగా చూశానని చెప్పాలి. పొరపాటు జరిగింది అంటే కుదరదు. దానంతటది జరగలేదు."

"ఒకసారి గుర్రాన్ని చూడొచ్చా?"

"నదికట్ట అవతల మా చెల్లెలి మేతబీడులో ఉంది. పది కిలోమీటర్లు. నడుస్తారా?"

థీస్ తన మోకాళ్లకేసి చూసుకున్నాడు. టెల్జె కొట్టంలోకి వెళ్లి, దువ్వెనకి పట్టుకున్న వెంట్రుకలు కవర్లో వేసి ఇచ్చింది.

పరీక్షలో తండ్రి పోల్టరేనని తేలింది. అక్టోబరు సభ నాడు రెండొందల మంది ముందు థీస్ లేచాడు. "నాలుగేళ్ల కిందట ఒక మంచి గుర్రాన్ని నేను తప్పుగా చూశాను" అన్నాడు. వెనక బల్లల్లో ఎవరో, అది ఈదుకుంటూ వచ్చుంటుందిలే అన్నారు. అందరూ పగలబడి నవ్వారు. నవ్వులు ఆగాక కమిటీ సభ్యులు ఒక్కొక్కరే లేచి, పోల్టర్ అంటే తమకి మొదటినుంచీ గురేనని సెలవిచ్చారు. వారంలో మళ్లీ చూద్దామని తీర్మానించారు.

మర్నాడు పొద్దున్నే థీస్ ఆ మాట మోసుకుని టెల్జె ఇంటికి వెళ్లాడు. పరువు పోతే పోయింది, వంశం నిలిచింది. చాన్నాళ్ల తర్వాత ఆయనకు మనసు తేలిగ్గా ఉంది.

టెల్జె అంతా విని, "ఏం చూస్తారండీ, ఏప్రిల్‌లోనే విత్తు కొట్టించేశాను" అంది.

థీస్ పక్కనున్న బల్ల మీద కూలబడ్డాడు. విత్తు కొట్టిన గుర్రాన్ని కమిటీ చూడనే చూడదు, ఇక పిల్లకి కాగితాలు రావు. "మరి ఆగస్టులో చెప్పలేదేం?"

"చెబితే మీరు సభలో ఆ మాట అనేవారా?"

ఆయన "అనేవాడినే" అనబోయి, చివరికి తల అడ్డంగా ఊపాడు.

"నాలుగేళ్లు నా వెంటపడ్డారు, కొట్టించెయ్యి కొట్టించెయ్యి అని. అంత తెలిసిన మనిషి మాట ఎన్నాళ్లు తీసెయ్యను? ఆ రోజు డాక్టరు వెళ్లాక కొట్టంలో కూర్చుని ఏడ్చాను." ఆమె గొంతులో ఇప్పుడు వెటకారం లేదు.

థీస్‌కి సిగ్గేసింది. తాతగారి వంశం కన్నా ఎక్కువగా, తను చూసి కూడా చూడలేకపోయిన ఆ గుర్రం కోసం దుఃఖం వచ్చింది. అలాంటిది ఇంకొకటి లేదు, ఉన్నది దాని కొడుకే.

"కాగితాల్లేని పిల్లని ఏం చేస్తారు మరి? వసంతంలో విత్తు కొట్టడానికి మీ ఇంటికీ వస్తాడుగా డాక్టరు" అంది టెల్జె.

"రావద్దని చెబుతాను. దాన్ని అలాగే ఉంచుతాను."

"కమిటీలో ఉన్నవాడు కాగితాల్లేని మగగుర్రాన్ని ఉంచుకోకూడదు. ఆ నియమం రాసింది మీరే."

"నేనే" అన్నాడు థీస్. "ఒక తెల్లకాగితం ఉంటే ఇస్తావా, రాజీనామా రాసుకోవాలి."