షెరీఫ్ తోక

బ్లాక్ మీసా పీఠభూమి మీద గాలి మామూలుది కాదు. పోయినేడు హారిసన్ టోపీ ఎగిరిపోయి, మూడోరోజుకి పక్క రాష్ట్రంలో దొరికింది. దాన్ని పట్టుకుని వేలాడుతున్న కోడితో సహా. ఇది హారిసన్ చెప్పే లెక్క. లొరిండా నమ్మదు. కోడి లేదంటుంది.

లొరిండాకి యాభై ఎనిమిదేళ్ళు. వాళ్ళమ్మ వదిలివెళ్ళిన మందలో పంతొమ్మిది గొర్రెలు మిగిలాయి. అవి ఉన్నన్నాళ్ళే ఈ నేలమీద తనకి పని, పేరు, పొద్దున లేవడానికి ఒక కారణం. అవి పోతే ఇక రోడ్డు పక్క ఇళ్ళల్లో టీవీ ముందు కూర్చోవడమే.

మందకి కాపలా కుక్క షెరీఫ్. కళ్ళు తెరవని కూనగా ఉన్నప్పుడే లొరిండా దొడ్లో వేసింది. గొర్రెపాలు తాగి, గొర్రెల మధ్య పడుకుని, తనూ ఒక గొర్రేననుకుని పెరిగాడు. ఇలాంటి కుక్కని నిమరకూడదు, గడప దాటనివ్వకూడదు. ఇక్కడ పాలు మరవని పిల్లకి కూడా తెలుసది.

లొరిండాకీ తెలుసు. కానీ జనవరిలో కయోటీలు, ఇక్కడి గుంటనక్కలు, షెరీఫ్ కాలు ఎముక కనపడేలా కొరికాయి. ఆ చలికి మనిషి మాట్లాడితే మాట గడ్డకట్టి కిందపడేది. ఒక్కరాత్రికని లోపలికి తెచ్చి పొయ్యి పక్కన పడుకోబెట్టింది. ఆ ఒక్కరాత్రి మార్చిదాకా సాగింది.

మేనత్త కొడుకు హారిసన్ ఊరుకుంటాడా? బావ వరస.

"ఏమే, దానికి దిండు కూడా వేశావంట? పెళ్ళెప్పుడు?"

"దానికి పళ్ళున్నాయి బావా. నీకంటే మంచి సంబంధం."

పడీపడీ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "పొయ్యి రుచి మరిగిన కుక్క మందని మర్చిపోతుందే" అన్నాడు.

"కాలు బాగుపడితే దొడ్లోకి తోలేస్తాలే."

కాలు బాగుపడింది. తోలింది కూడా. పగలు మందతోనే ఉండేవాడు. అయితే అప్పుడప్పుడూ తలెత్తి ఇంటివైపు చూసేవాడు.

ఏప్రిల్‌లో ఒక పొద్దున మంద ఎండిన వాగు దాటి అవతల మేస్తోంది. షెరీఫ్ దాని పక్కనే. లొరిండా వెనకాల వస్తుంటే, తనకీ మందకీ మధ్య నుంచి ఒక కయోటీ దారికి అడ్డంగా నడిచి వెళ్ళింది. తొందర లేదు. పన్ను కట్టడానికి పోతున్న పెద్దమనిషిలా పోయింది.

అలా దాటితే అపశకునం, ముందుకి అడుగు వెయ్యకూడదు. మొక్కజొన్న పుప్పొడి చల్లి, దణ్ణం పెట్టుకుని అప్పుడు దాటాలి. లొరిండా నడుం తడుముకుంది. పుప్పొడి సంచి ఇంట్లో మేకుకి ఉండిపోయింది. ఇల్లు అరమైలు.

"షెరీఫ్, అక్కడే ఉండు!" అని కేకేసి వెనక్కి తిరిగింది. కాపలా ఉందిగా, భయమేంటి?

సంచి తీసుకుని గుమ్మంలోకి వచ్చింది.

మెట్టు మీద షెరీఫ్ ఉన్నాడు. తోక ఊపుతున్నాడు.

లొరిండా సంచి పారేసి పరిగెత్తింది. షెరీఫ్ కూడా పక్కనే గెంతుతూ వచ్చాడు, ఆటనుకుని.

మంద మీద రోడ్డు పక్క ఇళ్ళ కుక్కలు పడ్డాయి. ఐదో, ఆరో. ఒకదాని మెడకి గులాబి పట్టీ ఉంది, ఏ పిల్లో ముద్దుగా కట్టింది. షెరీఫ్ మొరుగుతూ మీదపడ్డాక పారిపోయాయి. అప్పటికి పదకొండు గొర్రెలు చచ్చిపోయాయి. ఒక్కదాన్నీ తినలేదు.

అరుపులు విని హారిసన్ తుపాకీతో వచ్చాడు. కాసేపు వాటి మధ్య తిరిగాడు.

"కయోటీ ఆకలికి ఒకదాన్ని చంపుతుంది. ఈ కుక్కలు సరదాకి చంపుతాయి" అన్నాడు. తర్వాత షెరీఫ్ వైపు తిరిగి, "వీడిక పనికిరాడు లొరిండా. నువ్వు అటు తిరుగు."

"తుపాకీ దించు బావా."

"రేపు మళ్ళీ నీ వెనకే వస్తాడే. మిగిలిన ఎనిమిది కూడా పోతాయి."

"వాణ్ణి పొయ్యి దగ్గర పడుకోబెట్టింది నేను. కాలిస్తే ముందు నన్ను కాల్చు."

హారిసన్ తుపాకీ దించాడు. చచ్చినవాటిని ట్రక్కులోకి ఎత్తడం మొదలుపెట్టాడు.

పొద్దు వాలుతుండగా లొరిండా తన మంచం ఇంట్లోంచి ఈడ్చుకొచ్చింది. గుమ్మంలో ఇరుక్కుంటే హారిసన్ ఒక చెయ్యేశాడు.

"ఎక్కడికే ఇది?"

"దొడ్లోకి. వాడు గొర్రెల దగ్గర ఉండడు, నా దగ్గరుంటాడు. నేనే గొర్రెల దగ్గరుంటా."

"చలికాలంలో?"

"దిండుందిగా బావా."

మంచం కింద షెరీఫ్ చుట్ట చుట్టుకుని పడుకున్నాడు, తోకతో నేలని కొడుతూ. ఆ చప్పుడు విన్నప్పుడల్లా కుక్కంటేనే బెదిరిపోతున్న ఎనిమిది గొర్రెలూ అవతలి కంచెకి ఇంకా గట్టిగా అతుక్కుపోయాయి.