బుల్లియ్య అడగని మాట

ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక దాటిన రెండువేల ఇరవైరెండు వరద ఏడు అది. ఏరు కాస్త తీసిందో లేదో, బుల్లియ్య తమ్ముడు వెంకటరమణ సూట్‌కేసుతో ఇంటికి వచ్చాడు. యూనివర్సిటీలో రిజిస్ట్రారుగా రిటైరై నెల తిరగలేదు. ఒడిశాలో ఏదో ప్రైవేటు యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గా రమ్మన్నారట. మర్నాడు పొద్దున్నే రైలు.

రిటైరైతే తమ్ముడు ఏటిగట్టునే ఉంటాడని, ఇద్దరూ కూర్చునేటట్టు బుల్లియ్య ఇంటి ముందు అరుగు వేయించాడు. దాని సిమెంటు వాసన ఇంకా పోలేదు.

"కాళ్ళు కడుక్కో, భోంచేద్దువుగాని," అన్నాడు. అంతే.

ఆ ఇంట్లో ఒక పద్ధతి. చేపల వేటకు బయల్దేరినవాణ్ణి ఎక్కడికని అడగరు. అడిగితే వల ఖాళీ. అడిగించుకున్నవాడు వెనక్కి వచ్చి కూర్చుని, మంచినీళ్ళు తాగాలి. అప్పుడుగాని కదలకూడదు. తమ్ముడు ఎమ్మేకి వైజాగ్ బయల్దేరిన రోజునా బుల్లియ్య అడగలేదు, ఎకనామిక్స్ లెక్చరరై కాకినాడ వెళ్ళిన రోజునా అడగలేదు. వాడిదీ వేటేగా అనుకున్నాడు.

ఒక్కసారి మాత్రం ఎండు చేపల సంచితో తమ్ముడి క్లాసుకే పోయి వెనక బెంచీలో కూర్చున్నాడు. అప్పటికి ప్రొఫెసరైన తమ్ముడుగారు ధరల పాఠం చెబుతున్నారు.

"పొద్దున్న మా అమ్మ తిట్టి చెప్పిన చేపల రేటునే, ఐసు కరిగేసరికి బతిమాలి సగానికి దించేది."

పిల్లలకంటే బుల్లియ్యే గట్టిగా నవ్వాడు. తరవాత స్ట్రైకులో పిల్లలు రిజిస్ట్రారు గదికి తాళం వేస్తే, తమ్ముడు కిటికీలోంచి వాళ్ళకే మజ్జిగ అందించాడట. ఆ ముచ్చట రేవంతా చెప్పుకున్నాడు, తమ్ముడి దగ్గర తప్ప.

ఆ రాత్రి అన్నాల దగ్గర వదిన నూకరత్నం అడిగింది. "ఏంటయ్యా రమణా, ముద్ద దిగట్లేదా?"

"మా అటెండరు కూడా ఎక్కడికెళ్తున్నారు సార్ అని అడిగాడు వదినా. అన్నయ్య ఒక్కసారైనా అడిగాడా? నేనుంటే ఎంత, పోతే ఎంత అని కాబోలు."



"అంత చదువూ ఏట్లో పోశావు!" అంది నూకరత్నం. "వేటకెళ్ళేవాణ్ణి అడుగుతారేంటి? నువ్వు ఊరెళ్ళిన పూటల్లా ఈయన వల ముట్టడు, తెలుసా?"

"ఊరుకోవే," అన్నాడు బుల్లియ్య.

వెంకటరమణ తల వంచుకుని మజ్జిగ పోయించుకున్నాడు.

తెల్లారేసరికి దొరబాబు ఆటో వాకిట్లో ఆగింది. వెంకటరమణ సూట్‌కేసు పుచ్చుకుని గడప దాటాడు. అరుగు మీదున్న బుల్లియ్య గొంతు సవరించుకుని, ఏటివైపు చూస్తూ అన్నాడు.

"ఎక్కడికిరా?"

దొరబాబు నాలిక కరుచుకున్నాడు. వెంకటరమణ అన్నను ఎగాదిగా చూశాడు. మెల్లిగా నవ్వొచ్చింది. సూట్‌కేసు కింద పెట్టి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"మంచినీళ్ళియ్యి వదినా."

నూకరత్నం చెంబు నిండా తెచ్చింది.

"మెల్లగా తాగరా," అని, బుల్లియ్య సూట్‌కేసు లోపలికి తీసుకుపోయాడు.