బండిని వదిలేయండి

ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికి ఉతికి నడుం విరిగిన మనిషి. సెలవు రోజున కాళ్లు చాపుకుని పడుకోవలసింది పోయి, ఊరి చివర రాళ్లగుట్ట కింద నిలబడి ఆ బండిని ఎగాదిగా చూస్తోంది. బురద రంగు. అగ్గిపెట్టెంత ఒళ్లు, ఏనుగు కాళ్లలాంటి టైర్లు.

"ఇదేనా? దీనికంటే మా బట్టలు తోసుకెళ్లే బండి నయం."

"ఎక్కాక చెప్పమ్మా," అంది కూతురు.

కూతురు పశువుల డాక్టరు. కొండల మీద మందలు మేసే చోట ఉద్యోగం వచ్చింది. తిరగడానికి ఈ బండి వాళ్లే ఇస్తారు. తల్లి ససేమిరా అంది. ఏడుపులూ అలకలూ అయ్యాక, "నువ్వే ఎక్కి చూడు. నీ భయం తీరకపోతే ఉద్యోగం వద్దని చెప్పేస్తాను," అని కూతురు మాట ఇచ్చింది. భయం తీరకూడదనే తల్లి వచ్చింది. ఆ సంగతి కూతురికీ తెలుసు.

డ్రైవింగు మాస్టారు కూతురి పక్కన కూర్చున్నారు. నెరిసిన మీసాలు, నిదానం మాట. వెనక సీట్లో తల్లి ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకుని, పైన వేలాడే పిడిని రెండు చేతులా పట్టుకుంది.

తారు రోడ్డు మీద ఆ మోటు టైర్ల హోరుకి చెవులు దిబ్బళ్లు పడ్డాయి. సీటు చెక్కలా ఉంది. రాళ్లలోకి దిగాక మాత్రం ఊగిందే తప్ప ఎగిరెగిరి పడలేదు. బండి ఏ పక్కకి ఒరిగితే ఆమె గుండె ఆ పక్కకే జారింది.

"బోల్తా కొడుతుందే!"

"కొట్టదమ్మా."

"కొట్టే ముందు ఏ బండైనా చెప్పి కొడుతుందా?"

బురదగుంటలో ఒక చక్రం గాలిలోకి లేచి ఊరికే తిరిగింది. మాస్టారు చెప్పగానే కూతురు పెద్ద గేరు పక్కనున్న చిన్న మీట లాగింది. నాలుగు చక్రాలూ కలిసి పట్టు పట్టాయి. బండి మూలుగుతూ, తొందరపడకుండా గట్టెక్కింది.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల," అని గొణిగింది తల్లి. డ్యూటీ దిగి మెట్లెక్కేటప్పుడు తానూ ఈ బండిలాగే మూలుగుతూ ఎక్కుతుందని మాత్రం పైకి అనలేదు.

గుట్ట పైన ముందు అద్దం నిండా ఆకాశమే. అంతలో బండి ముక్కు వంగింది. దారి బావిలోకి దిగినట్టు కిందికి పడిపోయింది. మాస్టారు ఏదో బొత్తాం నొక్కారు.

"బ్రేకు మీంచి కాలు తీసేయండి. బండిని వదిలేయండి."

వదిలేయండి! తల్లికి పైప్రాణాలు పైనే పోయాయి. నేర్పే మనిషే వదిలేయమంటే ఇంకేం మిగిలింది? బెల్టు ఊడబీకి తలుపు తోసింది.

"దూకవే తల్లీ! బండి పోతే పోయింది, దూకు!"

కూతురు అదిరిపడి బ్రేకు తొక్కింది. బండి ఆగేసరికి తల్లి ఒంటి చెప్పుతో నేల మీద ఉంది.

"అమ్మా! వదిలేయమంటే దూకమని కాదే! బ్రేకులు బండే చూసుకుంటుంది, మనం తొక్కక్కర్లేదని!"

"ఆ ముక్కేదో ముందే ఏడవచ్చుగా!"

"తప్పు నాదేనమ్మా," అన్నారు మాస్టారు, నవ్వు మీసాల్లో దాచుకుంటూ. "ఇన్నేళ్లలో దూకింది మీరొక్కరే."

"నేను మళ్లీ ఎక్కను. నడిచే దిగుతాను."

కూతురు రెండో చెప్పు కిటికీలోంచి అందించింది. తల్లి నడిచింది. పక్కనే బండి గరగరమంటూ, మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మ మెట్లు దిగినట్టు, ఆచితూచి దిగింది. ఆమె కంటే ముందుకు పోలేదు, వెనకబడలేదు. తల్లి కిటికీలోంచి తొంగి చూసింది. కూతురి పాదాలు రెండూ బ్రేకుకి దూరంగా వెనక్కి తీసి బండి అడుగున ఆనించి ఉన్నాయి, చేతులు స్టీరింగు మీద ఉన్నాయి. అటే చూస్తూ తల్లి గులకరాళ్ల మీద జారింది. ఆమె జారింది గానీ బండి జారలేదు.

గుట్ట కింద బండి ఆగింది. "మరి?" అంది కూతురు.

కాదనడానికి తల్లి వచ్చిన దారంతా వెతికింది. ఏమీ దొరకలేదు. వెతికే ఓపిక కూడా లేదు.

"వాన పడితే కదలనని ఒట్టు వెయ్యి."

"ఒట్టు."

"అయితే వెళ్లు." ముందు తలుపు తెరిచింది. "అన్నయ్యగారూ, మీరు వెనక్కి వెళ్లండి. నా కాళ్లు లాగేస్తున్నాయి."

ఇల్లు చేరేదాకా ఆమె కుడికాలు, తన వైపు లేని బ్రేకును తొక్కుతూనే ఉంది.