హీరోయిన్ గారి బాత్రూం

పొద్దున్నే మాత్ర వేసుకోవడానికి ఆమె సరిగ్గా రెండు గుక్కల నీళ్ళు తాగుతుంది. మిగతావి గ్లాసులోనే ఉండిపోతాయి. అది చూసి అత్తగారు బుగ్గలు నొక్కుకుని, "నీళ్ళు కూడా కొలుచుకు తాగే కోడల్ని నా జన్మలో చూళ్ళేదమ్మా" అంటుంది. ఎందుకు కొలుచుకుంటుందో మాత్రం ఆ ఇంట్లో ఇంతవరకూ ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

ఆమె సినిమా స్టూడియోలో గైడు. ఆ ఊరు వచ్చినవాళ్ళెవరూ స్టూడియో చూడకుండా వెనక్కి పోరు. పైకప్పు లేని బస్సులో ట్రిప్పుకి నలభై మంది. రాజమహల్ సెట్టు, రైల్వే స్టేషన్ సెట్టు, వాన వీధి, చివర్లో ఒకప్పటి పెద్ద హీరోయిన్ వాడిన క్యారవాన్. మొత్తం నాలుగు గంటలు. మధ్యలో గైడు జనాన్ని వదిలి వెళ్ళకూడదు. సందర్శకుల బాత్రూముల దగ్గర యూనిఫాం వాళ్ళు కనపడకూడదట, అదో రూలు. స్టాఫ్ బాత్రూమేమో మెయిన్ గేటు దగ్గర, నడిస్తే ఇరవై నిమిషాలు. మగ గైడ్లకేం, రాజాలు! రాజమహల్ ముందు నుంచి చూస్తే పాలరాయి, వెనక అంతా ప్లైవుడ్డు. ఆ ప్లైవుడ్డు చాటుకెళ్ళి రెండు నిమిషాల్లో ఈల వేసుకుంటూ వచ్చేస్తారు. ఆడ గైడ్లు ఎనిమిది మందీ పొద్దుట్నుంచీ గొంతు తడుపుకోకుండా నవ్వుతూ నిలబడతారు.

ఈ ఏడాదిలో ఆమెకు ఇన్‌ఫెక్షన్ రావడం ఇది మూడోసారి. చలిజ్వరం, నడుంనొప్పి, వెళ్ళినప్పుడల్లా మంట. "రెండు గంటలకోసారి వెళ్ళి తీరాలి, ఇలాగే ఆపుకుంటే కిడ్నీలు పోతాయి" అని డాక్టరమ్మ కేకలేసింది. ఇంటికొచ్చి చెబితే భర్త ఫోన్లోంచి తల ఎత్తకుండా, "అయితే నీళ్ళు తగ్గించు" అన్నాడు. ఎంత తెలివి! ఆ మాట మీదే మళ్ళీ, "అయినా జనం టికెట్ కొనుక్కుని చూసే స్టూడియోలో నిన్ను జీతమిచ్చి మరీ తిప్పుతున్నారు, నీకేం కష్టం?" అని కూడా అన్నాడు. ఆ మనిషి రోజూ పొద్దున్న ఇంట్లో ఉన్న ఒక్క బాత్రూంలో ఫోను పట్టుకుని ముప్పావుగంట కూర్చుంటాడు. అంతకుముందు మామగారి వంతు, ఆ తర్వాత బడికెళ్ళే కూతురి వంతు. అయిదుగురికి వంట చేసి, డబ్బాలు సర్ది, ఆమె తలుపు దగ్గరికి చేరేసరికి స్టాఫ్ బస్సు వీధి చివర హారన్ కొడుతుంటుంది. కోడలు ఆఖర్న వెళితే కొంపలేం మునగవని అత్తగారి సిద్ధాంతం.

పోయిన నెల సిగ్గు చంపుకుని మేనేజరు దగ్గరికి వెళ్ళింది. చెప్పుకుంటే సిగ్గుచేటు, చెప్పకపోతే ప్రాణం మీదికొచ్చింది. అతను కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "మా అమ్మ పెళ్ళికెళితే పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కూర్చున్న చోటు నుంచి లేచేది కాదు మేడం. ఆడవాళ్ళకి ఓపిక దేవుడిచ్చాడు కదా!" ఓపికట! వాళ్ళమ్మ కూడా ఎక్కడికి వెళ్ళాలో తెలియక కూర్చుని ఉంటుందని ఈ మహానుభావుడికి ఎవరు చెప్పాలి? ఆమెకు ఒళ్ళు మండిపోయింది. అయినా "సరే సార్" అనేసి వచ్చేసింది, అదింకా మండింది.

ఇవాళ వాన వీధికి వచ్చేసరికే ఆమె పని అయిపోయింది. పైపులు వదిలారు, కప్పుల మీంచి, చూరుల మీంచి నీళ్ళు జలజలా కారాయి. జనం చప్పట్లు కొట్టారు. పొత్తికడుపులో కత్తి పెట్టి తిప్పినట్టయి ఆమె బస్సు కమ్మీ పట్టుకుంది. మాట తడబడకుండా వాన ఎలా కురిపిస్తారో చెప్పింది. క్యారవాన్ దగ్గర అందర్నీ దింపి, అద్దాలు చూపించి, సోఫా చూపించి, ఆఖర్న బాత్రూం తలుపు తీసింది. బంగారు రంగు కుళాయిలు, గులాబీ రంగు పలకలు. ఇక్కడ రోజూ చెప్పే మాటే చెప్పింది: "ఇది చూడ్డానికేనండీ, వాడ్డానికి కాదు." రోజూలాగే అందరూ నవ్వారు.

ఒక చిన్నపిల్ల తల లోపలికి పెట్టి, "ఆంటీ, ఇందులో నీళ్ళొస్తాయా?" అంది.

వస్తాయి. తుడిచే ఆవిడ వాసన రాకుండా రోజూ నీళ్ళు వదులుతుంది. ఎవరూ వాడని బాత్రూంకి రోజూ నీళ్ళు!

"వస్తాయమ్మా" అంది ఆమె. మైకు ఆపింది. లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది.

మంటకి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. బయట ఎవరో "అయ్యో, అదేంటి!" అన్నారు, ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె తొందరపడలేదు. చేతులు కడుక్కుని తలుపు తీసేసరికి ఎదురుగా ఆడవాళ్ళు పదిమంది వరసలో నిలబడి ఉన్నారు. ముందున్న ముసలావిడ, "అయిందా తల్లీ? అయితే జరుగు, నేను రైలు స్టేషన్ దగ్గర్నుంచీ ఓర్చుకుంటున్నా" అంది.

సాయంత్రానికి మేనేజరు గదిలో పంచాయితీ. ఆమెతో మాట్లాడకముందే అతను ఆమె భర్తకు ఫోన్ చేసేశాడు. బడిపిల్ల తప్పు చేస్తే నాన్నకి చెప్పినట్టు! ఫోను ఆమె చేతికిచ్చాడు.

"నలుగురి ముందూ నా పరువు తీశావు" అన్నాడు భర్త. "సారీ అని రాసిచ్చెయ్. ఇంత చిన్న విషయానికి ఉద్యోగం పోగొట్టుకుంటావా?"

నిజమే, చిన్న విషయమే. రెండు నిమిషాల విషయం. అంత చిన్నది ఇవ్వడానికి ఇంటా బయటా ఒక్కరికీ చెయ్యి రాలేదు. ఆమె ఫోన్ పెట్టేసింది.

మేనేజరు తెల్లకాగితం, పెన్ను ముందుకు తోశాడు. "రాసివ్వకపోతే రేపట్నుంచి రానక్కర్లేదు మేడం. పెద్దగా అక్కర్లేదు, ఒక్క ముక్క చాలు. 'ఇక మీద' అని మొదలుపెట్టండి."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. పొద్దున డ్యూటీ ఎక్కాక కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. గుండ్రటి అక్షరాలతో నిదానంగా రాసి, కింద సంతకం పెట్టి, కాగితాన్ని అతని వైపు తిప్పింది.

"ఇక మీద ఆపుకోను."