ఇంజిన్ సద్దు

మునివెంకటప్ప బానెట్ మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంచాడు. చల్లగా ఉంది. రాత్రంతా కదలని బండి. అమ్మేవాళ్లు చాలామంది, కొనేవాళ్లు వచ్చేలోపే ఇంజిన్‌ని ఓసారి వేడి చేసి పెడతారు. వేడెక్కిన ఇంజిన్ తన రోగాలు దాచుకుంటుంది. అందుకే ఆయన ఎవరికైనా మొదట చెప్పే మాట ఒకటే. పొద్దున్నే రండి, బండిని ఎవరూ ముట్టుకోకముందే రండి.

చంద్రగిరి దాటాక చిత్తూరు రోడ్డు పక్కన మోహన్‌కృష్ణకు పాత కార్ల యార్డు ఉంది. పన్నెండేళ్లుగా మునివెంకటప్ప అందులో బళ్లు చూస్తున్నాడు. అరవై ఒక్కేళ్ల పొట్టి మనిషి. వేళ్ల గీతల్లో ఏ సబ్బుకూ పోని నలుపు. అమ్మేవాడి నీడలో కూర్చుని కొనేవాడి పక్షాన మాట్లాడతాడని చుట్టుపక్కల పేరుంది.

ఆ రోజు నగరి నుంచి వచ్చినవాళ్లు ముగ్గురు. గిరిప్రసాద్, అతని భార్య సుజన, తండ్రి చెంగయ్య. ఇంట్లోనే ఆరు మరమగ్గాలు నడుపుకునే కుటుంబం. ఏడేళ్ల కూతురు జాహ్నవికి మూడు వారాలకోసారి వేలూరు ఆసుపత్రిలో రక్తం ఎక్కించాలి. పోయిన నెల బస్సు దోవలో ఆగిపోతే, ఎండలో నిలబడలేక పిల్ల తల్లి చేతుల్లోనే సొమ్మసిల్లింది.

"దోవలో నిలబడిపోని బండి కావాల పెద్దాయనా. రంగు ఏదైనా పర్లేదు," అన్నాడు గిరిప్రసాద్.

వాళ్లు చూసుకున్నది తెల్ల సెడాన్, ఎనిమిదేళ్లది. మునివెంకటప్ప తలుపు అంచుల రబ్బరు ఊడదీసి, కంపెనీ వేసిన వెల్డింగ్ చుక్కలు చెదరలేదు కదా అని చూశాడు. సీటు బెల్టును చివరిదాకా లాగి బురద మరక కోసం వెతికాడు. మద్రాసు వానల్లో మునిగిన బళ్లు కడిగి తుడుచుకుని ఇటు వస్తుంటాయి. కడిగినా ఆ మరక బెల్టు కొసన మిగులుతుంది. దీనికి లేదు. వంగి టైర్ల లోపలి అంచులు తడిమాడు. ఆయిల్ మూత విప్పి, అడుగున నీళ్లు కలిస్తే వచ్చే తెల్లటి నురగ లేదని వాళ్లకు చూపించాడు.

"ఎడమ పక్క ముందు తలుపుకు మళ్లీ రంగేసినారు. చిన్న దెబ్బ. దానికి భయం లేదు. ఇంగ స్టార్ట్ చెయ్యి."

గిరిప్రసాద్ తాళం తిప్పాడు. మునివెంకటప్ప తల ఒక పక్కకు వాల్చి, ఇంజిన్ మీద వేళ్లు ఆనించి నిలబడ్డాడు. ఆయన అలా నిలబడటం చూసినవాళ్లెవరికైనా గురి కుదురుతుంది. అదురు సమంగా ఉంది. వేళ్లకు తెలిసింది అంతే. చెవులకు తెలిసింది ఏమీ లేదు.

మొదట పక్షుల కూతలు పోయాయి. తర్వాత ఫోను మోగడం. ఇంట్లో భార్య దేవకమ్మ గొంతు పెంచి మాట్లాడుతుంటే, ఎందుకే అరుస్తావని కసురుకున్నాడు. ఆమె రెండుసార్లు చెవుల డాక్టరు మాట ఎత్తితే అన్నం దగ్గర నుంచి లేచిపోయాడు. చెవి పోయిన మెకానిక్‌ని ఎవరు పిలుస్తారు? చేతులున్నాయి కదా, ముప్పై ఏళ్ల అనుభవం ఉంది కదా అని తనకు తానే చెప్పుకుంటూ వచ్చాడు.

"ఇంజిన్ బాగుండాది," అన్నాడు.

సుజన ఆయన వెనకనుంచి ఏదో అడిగింది. ఆయన తిరగలేదు. ఆమె మళ్లీ అడిగింది. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఉన్నాడు.

అంతవరకు చెట్టుకింద నిలబడి చూస్తున్న చెంగయ్య నెమ్మదిగా నడిచొచ్చి ఆయన ఎదురుగా నిలబడ్డాడు. గొంతులోంచి చిన్న శబ్దమైనా రానీయకుండా, పెదవులు మాత్రం కదిలించాడు.

నీది ఏ ఊరప్పా?

"పుత్తూరు పక్కన," అని జవాబిచ్చాడు మునివెంకటప్ప.

సుజన మొగుడి వైపు చూసింది. మామ గొంతులోంచి శబ్దమే రాలేదని వాళ్లిద్దరికీ తెలుసు. మునివెంకటప్పకు మాత్రం అది వాళ్ల మొహాలు చూశాకే తెలిసింది. చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది.

"నలబై ఏండ్లు మగ్గాల మోతలో ఉండి నా సెవులు పోయినాయి," అన్నాడు చెంగయ్య, ఈసారి గొంతు విప్పి. "మేమంతా పెదాలే సూస్తాం. నువ్వు మావాడు మాట్లాడేటప్పుడు వాడి కండ్లల్లో సూడలేదు, నోరే సూసినావు. మా కోడలు రెండు తూర్లు పిలిచినా తిరగలేదు."

గిరిప్రసాద్ కారు దిగాడు. మొహం ఎర్రబడింది. "సెవులు వినపడకుండానే బాగుండాదని ఎట్ల చెప్పినావు? మా బిడ్డ ప్రాణం ఎక్కించి తీసకపోయే బండి అది!"

ఈ మాట పెదవులు చూడకపోయినా అర్థమయ్యేది. కాదని బుకాయించడానికి మునివెంకటప్ప నోరు తెరిచాడు. మానుకుని గుడ్డ పక్కన పెట్టాడు. సుజన వైపు తిరిగి అడిగాడు.

"నువ్వేం అడిగితివమ్మా? నా తట్టు తిరిగి చెప్పు."

"తాళం తిప్పంగానే గలగలమనింది. రెండు మూడు సెకన్లే. మగ్గంలో గొలుసు వదులైనప్పుడు వచ్చే సద్దు మాదిరి. మళ్ల ఆగిపోయింది. అదేందని అడిగినా."

ఆయన కళ్లు మూసుకున్నాడు. "ఇప్పుడు మళ్లీ సూస్తే రాదు. ఇంజిన్ చల్లబడాల. ఉంటారా?"

ఉన్నారు. ఐదు గంటలు చెట్టుకింద ముగ్గురూ ఒక పక్క, ఆయన ఒక పక్క. గిరిప్రసాద్ ఆయన వైపు చూడలేదు. మధ్యాహ్నం చెంగయ్య తమ మూటలోని పెరుగన్నం ఆకులో పెట్టి ఆయన ముందుంచాడు. ఆయన రెండు ముద్దలు తిన్నాడు.

మూడు దాటాక మళ్లీ తాళం తిప్పారు. మునివెంకటప్ప ఇంజిన్ వైపు చూడలేదు. సుజన మొహమే చూశాడు. ఆమె తన వేళ్లతో ఆయన మోచేతి మీద టకటకమని కొట్టింది, మూడు లెక్కపెట్టేంతసేపు. ఆపేసింది.

"టైమింగ్ చెయిను, ఇంజిన్ లోపలి గొలుసు," అన్నాడు. "వదులైపోయింది. అది తెగితే బండి ఉన్నచోటనే నిలబడిపోతాది. యాడ తెగుతుందో ఎవురూ చెప్పలేరు. దీన్ని కొనొద్దు. ఇంకో బండి సూసుకోండి, సెవులున్నోడికి సూపించండి." గిరిప్రసాద్ ముందు చేతులు జోడించాడు. "పొద్దున నేను చెప్పింది తప్పు నాయనా."

గిరిప్రసాద్ తాళం తీసి బానెట్ మీద పెట్టాడు. పోయేముందు మాత్రం ఒక్క క్షణం ఆగి, ఆయన చేతుల్ని కిందికి దించి వెళ్లాడు.

తిరుపతి నుంచి తిరిగొచ్చిన మోహన్‌కృష్ణకు మునివెంకటప్ప తనే అంతా చెప్పాడు. నాలుగు తిట్లు పడతాయనుకున్నాడు. మోహన్‌కృష్ణ నవ్వాడు.

"నాకు తెలుసు మామా. ఉగాదప్పటి నుంచి తెలుసు. వినపడకపోతే ఏమైంది? నీ మాట సాలు జనాలకి."

ఆ పెదవుల్ని ఆయన స్పష్టంగా చదివాడు. ఉగాది తర్వాతే తనకు పని పెరిగింది. వారానికి రెండు బళ్లు చూసేవాడు నాలుగు చూశాడు. పెద్దరికానికి గౌరవమనుకున్నాడు. సత్యవేడు నుంచి వచ్చిన టీచరమ్మ, కాణిపాకంలో టెంకాయల అంగడి అక్కమ్మ, ఇద్దరు పిల్లల్ని చంకనేసుకొచ్చిన పోలీసాయన. అందరికీ బాగుండాదని చెప్పాడు. అందరూ ఆయనకు దండం పెట్టి తాళాలు తీసుకున్నారు.

"రేపట్నుంచి రాను," అన్నాడు. "రేపు కాణిపాకం పోతా. ఆ అక్కమ్మ బండి మళ్లీ సూడాల, వినపడేవాళ్లని పక్కన పెట్టుకొని. మళ్ల సత్యవేడు."

"పిచ్చా మామా నీకు? ఎందరి ఇండ్లకు పోతావు?"

ఆయన అప్పటికే వెనుదిరిగాడు. ఆ మాట ఆయనకు చేరలేదు.

ఎండ ఇంకా వాలలేదు. గేటు దగ్గర ఆగి మునివెంకటప్ప తలెత్తాడు. పోయిన వేసవిలో మోహన్‌కృష్ణ కట్టించిన రేకు బోర్డు అది. కాళ్ల మునివేళ్ల మీద లేచి దాని అంచు పట్టుకుని లాగాడు. నాలుగు మూలలా ఇనుపతీగతో బిగించి కట్టారు. వేలు తెగిందే కానీ బోర్డు కదల్లేదు. రక్తం పంచెకు తుడుచుకుని ఆయన బస్సు ఆగే చోటికి నడిచాడు.

చిత్తూరు వైపు నుంచి వచ్చే ప్రతి బండికీ కనబడేలా, ఎర్ర అక్షరాల్లో, రంగు ఏమాత్రం వెలిసిపోకుండా ఉంది ఆ బోర్డు: 'మునివెంకటప్ప చూసిన కార్లు ఇక్కడ అమ్మబడును.'