గాజంత మెరుపు

మా ఆఫీసులో నన్ను గాజులాయన అంటారు. నేను గాజులు అమ్మేవాణ్ణి కాదు. సముద్రం మీద ఎండ ఎంత మేర మెరుస్తుందో ఒకరోజు ముందు చెప్పడం నా పని.

ఉపగ్రహం పొద్దున పదిన్నరకి మా సముద్రం మీదుగా పోతూ ఫోటో తీస్తుంది. ఒకచోట ఎండ నీళ్ళ మీద పడి, అద్దం మీంచి కొట్టినట్టు, నేరుగా దాని కంట్లో కొడుతుంది. ఫోటోలో ఆ ముక్క తెల్లగా పోతుంది. అక్కడ నీటి రంగు తెలియదు, నాచో బురదో చెప్పలేం. ఆ ముక్కని ముందే గీసిస్తే, పైవాళ్ళు దాన్ని వదిలి మిగతాదానికే ఫోటో ఆర్డరు వేస్తారు. మెరుపు నడిమధ్య ఎక్కడ పడుతుందో పట్టికలో ఉంటుంది. ఎంత వెడల్పు పరుచుకుంటుందన్నది మాత్రం గాలిని బట్టి ఉంటుంది. గాలి లేకపోతే మెరుపు చిన్నగా, కళ్ళు పోయేలా ఉంటుంది. గాలి పెరిగితే అలలు లేచి, పలచబడి వెడల్పవుతుంది.

రోజూ రేవు ఆఫీసుకి ఫోన్ చేసి మర్నాటి గాలి కనుక్కుని రిజిస్టర్లో రాసేవాణ్ణి. గాలి తక్కువైతే మా అమ్మాయి చిన్నప్పటి గాజు, ఓ మాదిరైతే మా ఆవిడ గాజు, ఎక్కువైతే డబ్బా మూత. మ్యాపు మీద పెట్టి పెన్సిలుతో చుట్టూ గీయడమే. పదమూడేళ్ళు అలాగే గీశాను. పెద్ద చదువు లేనివాణ్ణి కాబట్టి ఆ ఉపాయం దేవుడే ఇచ్చాడనుకునేవాణ్ణి.

తర్వాత మా తోడల్లుడు వచ్చాడు. మా మరదలి భర్త. లెక్కల్లో పెద్ద చదువు చదివి ఖాళీగా ఉన్నాడంటే, పెద్దసారుతో నేనే చెప్పి ఉద్యోగం ఇప్పించాను. రెండు నెలల్లో ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు. గాలి అంకె వేస్తే మెరుపు గీత దానంతటదే గీసే ప్రోగ్రామొకటి రాశాడు. టీ తెచ్చేవాళ్ళు కూడా ముందు అతని బల్ల దగ్గర ఆగడం మొదలుపెట్టారు.

ఒక ఆదివారం అందరం అత్తగారింట్లో భోజనానికి కూర్చున్నాం.

"చిన్నల్లుడు కంప్యూటర్లో సూర్యుణ్ణే ఆడిస్తున్నాడటగా," అంది అత్తగారు, అతని కంచంలో రెండోసారి కూర వేస్తూ.

"ఆడించడం కాదత్తయ్యా. అన్నయ్య గాజుతో చేసేదే నేను లెక్కతో చేస్తున్నాను," అన్నాడు తోడల్లుడు.

"గాజులు మా పెద్దదాని దగ్గర ఇంకా ఉన్నాయా, అన్నీ ఆఫీసుకే పోయాయా?"

అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపని సామెత. తోడల్లుళ్ళ మీద ఎవరూ సామెత కట్టలేదు గానీ, కడితే నా మీదే కట్టాలి. ఆ కూర గిన్నె నా దాకా వచ్చేసరికి అడుగంటింది.

మర్నాడు అతను నా రిజిస్టరు పట్టుకుని వచ్చాడు.

"అన్నయ్యా, ఈ గాలి అంకెలు సెకనుకి మీటర్లేగా?"

కావు. రేవువాళ్ళు ఓడల కొలత చెబుతారు, నాట్స్‌లో. ఒక నాట్ అంటే సెకనుకి అర మీటరు పైచిలుకు. పది అని రాసి ఉంటే నిజానికి అయిదే. పేజీ పైన ఆ మాట నేనెప్పుడూ రాయలేదు. రిజిస్టరు చూసేది నేనొక్కణ్ణే కదా.

పెన్సిలు చెక్కుకుంటూ "ఊఁ" అన్నాను.

పెదవి కదపలేదు కాబట్టి అబద్ధం కాదని ఆ సాయంత్రం దేవుడి ముందు కూర్చుని సర్దిచెప్పుకున్నాను. దేవుడేమీ అనలేదు. కళ్ళు మూసుకుంటే మాత్రం కూర గిన్నే కనిపించింది.

ఆ వారమే పెద్దసారు మా ఇద్దర్నీ పిలిచాడు. అంచనాల పని ఇకనుంచి ఒక్కరికే అన్నాడు. రెండోవాళ్ళు పాత ఫోటోలు సర్దే గదికి పోవాలి. మూడు రోజులు ఇద్దరూ నా రిజిస్టర్లోని గాలి అంకెలతోనే గీసివ్వాలి. ఆ మూడు రోజులూ దేన్నీ వదలకుండా సముద్రమంతా ఫోటో తీయిస్తారు. ఎవరి గీత సరిపోతే కుర్చీ వాళ్ళది.

మూడు రోజులూ అతని గీత నా గాజుకి రెట్టింపు వచ్చింది. మూడు రోజులూ ఫోటోలో తెలుపు నా గాజులోనే ఇమిడింది.

"ఇతని మాట వినుంటే సగం సముద్రం వదిలేసేవాళ్ళం," అన్నాడు పెద్దసారు. "గాజులాయనే నయం."

ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. ఆ పూట టీ ముందు నా బల్ల మీదికే వచ్చింది. ఎందుకో చప్పగా ఉంది.

సాయంత్రం తోడల్లుడు మా ఇంటికి వచ్చాడు. దెబ్బలాటకేమో అనుకున్నాను. వచ్చి నా పక్కన కింద కూర్చున్నాడు.

"అన్నయ్యా, గాజు ఎలా పెడతావో కాస్త నేర్పు. నా లెక్కలో ఏదో లోపముంది. నీ చెయ్యి చూస్తే తెలుస్తుందేమో."

మొహంలో కోపం లేదు, ఏడుపు లేదు. ఓడిపోవడం కూడా వీడికి నాకంటే బాగా చేతనవునే అని అప్పుడు కూడా కుళ్ళుకున్నాను. పట్టిక ఎలా చూడాలో చెప్పాను, గాజు ఎలా తిప్పాలో చెప్పాను. నాట్స్ మాట చెప్పలేదు.

మర్నాడు నేను వెళ్ళేసరికి అతను పెద్దసారు గదిలో ఉన్నాడు. తలుపు ఓరగా ఉంది.

"రాత్రి లెక్క తిరగేస్తే దొరికింది సార్. అంకెల్ని సగం చేస్తే అన్నయ్య గాజుకి సరిపోతోంది. అవి నాట్స్. నేను మీటర్లనుకున్నాను."

"ఎవర్నైనా అడగొచ్చుగా?"

నేను తలుపు పక్కనే ఆగిపోయాను.

"అడగలేదు సార్. పొరపాటు నాదే."

అక్కడితో ఊరుకుంటే కుర్చీ నాది. అతను నోరు విప్పడు, ఇంట్లో ఎవరికీ తెలియదు. కానీ రోజూ పొద్దున అతని ఎదురుగా కూర్చుని, అతను దాచిపెట్టిన నా 'ఊఁ' మీద బతకాలి. మంచితనంలో కూడా వాడే పై మెట్టున ఉంటాడు. అది నేను భరించలేకపోయాను. ధర్మం గుర్తొచ్చి తలుపు తోశానని రాయొచ్చు గానీ, దేవుడు చదువుతాడని భయం.

లోపలికి వెళ్ళి, "అడిగాడండీ. నేనే ఊఁ అన్నాను," అన్నాను.

పెద్దసారు కళ్ళజోడు తీశాడు. "మరి నిన్న చెప్పలేదేం?"

"నిన్న గెలిచాను కదండీ."

తోడల్లుడు నేల చూపులు చూస్తున్నాడు. కుర్చీ అతనికే ఇచ్చారు. నన్ను పాత ఫోటోల గదికి పంపారు.

ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పాను. "మా మరిదిగారికి మీరే చెప్పారా, ఆయన పట్టుకున్నారా?" అంది.

"ఆయనే పట్టుకున్నాడు. తర్వాత నేను చెప్పాను."

"అయితే సగం మంచిదే," అని కంచం పెట్టింది. కూర మాత్రం గిన్నెతో నా పక్కనే పెట్టింది.

రిజిస్టరు అతనికి అప్పగించే ముందు ప్రతి పేజీ పైనా 'నాట్స్' అని రాశాను. పదమూడేళ్ళ పేజీలకి నాలుగు రోజులు పట్టింది.

ఇప్పుడు అతను గీసిన కాగితం రోజూ నా గదికి వస్తుంది, పాత ఫోటోల పక్కన దాచడానికి. తలుపు వేసి, సంచీలోంచి ఆ రోజు గాలికి తగ్గ గాజు తీసి దాని మీద పెట్టి చూస్తాను. రోజూ సరిగ్గా సరిపోతుంది. మొన్న ఒకవైపు గీత వెంట్రుకవాసి బయటికొచ్చింది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

తర్వాత ఫోటో వచ్చింది. మెరుపు అతని గీత దాకా ఉంది. గాజే చిన్నదైంది.

స్వామీ, పొద్దున్నే లేచి నీకు దణ్ణం పెడతాను, సాయంత్రమూ పెడతాను. మధ్యలో ఈ గాజెందుకు తీస్తానో నువ్వైనా చెప్పు.